పాటకు లేవని మనిషి

దోహాలో మా ఆఫీసు రిసెప్షన్‌లో నాతో పనిచేసే ఘనా అమ్మాయి ఎఫువాను కంపెనీ తీసేసింది. కొత్త మేనేజరమ్మ కూడా ఘనాలో తను చదివిన పేరున్న హైస్కూల్లోనే, తన తర్వాత చదివిందని తెలిసి, ఉద్యోగం నిలబెడుతుందేమోనని ఎఫువా ఆశపడింది. ఆ స్కూలు పాట ఎక్కడ వినిపించినా అక్కడ చదివినవాళ్ళు లేచి నిలబడటం ఆచారమట.

"మా పాటకు రాయి కూడా లేస్తుందక్కా" అంది.

"రాయి లేస్తుందేమో, మేనేజరు లేవదు" అన్నాను.

ఇద్దరం ఆవిడ గదికి వెళ్ళాం. నేను కూర్చున్నాను. ఎఫువా నిటారుగా నిలబడి పాట ఎత్తుకుంది. ఆవిడ కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా, "ఇది ఆఫీసు" అంది. ఎఫువా పాట ఆపలేదు. ఆ పాటతో ఏ సంబంధమూ లేని నేనే లేచి నిలబడ్డాను.

ఆ వారమే ఎఫువాను విమానం ఎక్కించారు. నేను గెలిచిన వాదనలన్నిటిలో మరచిపోవాలనుకున్నది ఇదొక్కటే. అదే మరపుకు రావడం లేదు.