నిన్న దాటిపోయిన దశమి

మావారి మొదటి ఆబ్దికం నిన్నే దాటిపోయింది. ఆ సంగతి నాకు ఈ రోజు తెలిసింది.

నిరుడు మేముండే ఈ హిందీవాళ్ళ ఊళ్ళో పండిత్‌జీ కాగితం మీద 'కార్తిక్ కృష్ణ దశమి' అని తిథి రాసిచ్చారు. మన తెలుగు క్యాలెండర్లో అది వచ్చే నెల. నిన్న మా అబ్బాయి రైల్వే షెడ్డు డ్యూటీకి వెళ్తూ, "అమ్మా, మొబైల్లో కార్తిక్ దశమి ఆజ్ హీ, ఇవాళే చూపిస్తోంది" అన్నాడు.

"తెలుగు చదవడం రాదు గానీ నాకు తిథులు చెప్తావేటి?" అన్నాను.

ఈ రోజు ఆబ్దికం సామాన్ల జాబితా కోసం గుడికి వెళ్తే మన పంతులుగారు అడిగారు. "మీవారు పోయింది దీపావళికి ముందా, తర్వాతా?"

"ముందేనండి. కొన్న ప్రమిదలు అలాగే ఉండిపోయాయి."

"అయ్యో తల్లీ! ఈ హిందీవాళ్ళకి పున్నమి మర్నాడే కార్తీకం వచ్చేస్తుంది. మనకింకా ఆశ్వయుజమే. ఆ దశమి నిన్ననే అయిపోయింది."

అమావాస్యనాడు పెట్టుకోవచ్చన్నారు. అంటే దీపావళి రోజు. అయినా మనసు నిలవడం లేదు. నిన్న వంటింటి కిటికీ దగ్గర వదలకుండా అరిచిన కాకిని చీపురుతో తోలేశాను.

అబ్బాయి డ్యూటీ నుంచి వచ్చే వేళయింది. వాడికి తెలుగు చదవడం రాదని అందరి దగ్గరా బాధపడేదాన్ని. చదవడం వచ్చిన నేనేం చేశానో వాడికి ఏ ముఖంతో చెప్పను? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?