పుచ్చుకట్టెలో బల్లి

“అమ్మా, ఆ పుల్లలు కింద పడెయ్. ఇక్కడ ఏరకూడదు, ఫైన్ వేస్తారు.”

“కుళ్ళిపోయే పుల్లలకి ఫైనేంట్రా? అడవిలో ఊరికే దొరుకుతాయనే నిన్ను దార్లో పెట్రోలు బంకులో కట్టెలు కొననివ్వలేదు.”

పరాయి దేశంలో మేం గుడారం వేసుకున్న ఆ కొండమీద దుకాణమే లేదు. చలికి మనవరాలు వణుకుతోంది. కొడుకు నలుగురిలో గదమాయిస్తుంటే నాకు ఒళ్ళు మండింది.

పక్క గుడారంలోని తెల్ల ముసలాయన లేచి వచ్చాడు. నా చేతిలోని పుచ్చుకట్టె తీసుకుని తొర్ర చూపించాడు. లోపల ఒక బల్లి ముడుచుకుని పడుకుంది.

“హోమ్” అన్నాడు. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో అదొకటి. కట్టెను మెల్లగా చెట్టు మొదట్లో పెట్టి వెళ్ళిపోయాడు.

కొడుకు నవ్వాడు. ఇంకా మండింది.

మర్నాడు పొద్దున మంట లేక అందరం పులిహోర చల్లగానే తిన్నాం. ఏరిన పుల్లలు ఎక్కడివక్కడ పెట్టేసి, వాడితో మాట్లాడకుండానే కారెక్కాను.