మూతపడ్డ హాల్టులో తొలి టికెట్టు

దెయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. ఏళ్ల తరబడి బడిలో సైన్సు చెబుతున్నదాన్ని. ఇప్పుడు రాస్తున్నది కూడా నాకు జరిగింది కాదు, నా పక్కన జరిగింది. నా కడుపుమంటంతా అదే.

తెనాలి-రేపల్లె లైనులో ఒక చిన్న హాల్టులో నాన్న కమీషన్ మీద టికెట్లు అమ్మేవారు. ఒకటే గది, ఒకటే కిటికీ. పొద్దున మొదటి బండికి బోణీ మాత్రం మా చెల్లెలు రూతే చెయ్యాలి. అది కిటికీలో చెయ్యి పెట్టి తొలి టికెట్టు తీసుకున్నాకే నాన్న మిగతావాళ్లకు ఇచ్చేవారు.

"చర్చికెళ్లే ఇంట్లో ఈ శకునాలేంటండి?" అని అమ్మ నవ్వేది.

"దాని చెయ్యి మంచిదే," అనేవారు నాన్న.

రూతుకి జ్వరం వచ్చిన ఒక్కరోజు నేను బోణీ చేశాను. ఆ రోజు బండే రాలేదు. నాన్న నన్నేమీ అనలేదు, మళ్లీ పిలవనూ లేదు. పెద్దదాన్ని నేనుండగా మంచి చెయ్యి దానిదెలా అయిందని ఎంత కుళ్లుకున్నానో నాకే తెలుసు.

నాన్న పోయారు. ఆటోలు పెరిగి, రైలెక్కేవాళ్లు తగ్గి హాల్టూ మూతపడింది. ఈమధ్య ఆ గదిని కూల్చేస్తారని విని, బాపట్ల నుంచి రూతు వస్తే ఇద్దరం చూడటానికి వెళ్లాం. మిట్టమధ్యాహ్నం. తలుపుకి తుప్పు పట్టిన తాళం. కిటికీలోంచి తొంగి చూశాను. లోపల బల్ల కూడా లేదు. నేలంతా దుమ్ము, ఒక్క అడుగు గుర్తు లేదు.

రూతు సరదాకి కిటికీలో చెయ్యి పెట్టింది. తీసేసరికి వేళ్ల మధ్య పాతకాలం అట్ట టికెట్టు, తెనాలికి. దాని మీద మేం వెళ్లిన ఆ రోజు తేదీయే.

"అక్కా, ఎవరో చేతిలో పెట్టారే!" అంది. భయపడలేదు. నవ్వుతూనే ఏడుస్తోంది.

టికెట్టు లాక్కుని చూశాను. తేదీ సిరా నా బొటనవేలికి అంటింది. రూతుని పక్కకు నెట్టి నేనూ భుజం దాకా చెయ్యి పెట్టాను. చాలాసేపు అలాగే ఉంచాను. బూజు తప్ప ఏమీ తగల్లేదు.

"పోనీలే అక్కా, ఇది నువ్వుంచుకో," అంది రూతు. దాని జాలి చూస్తే ఒళ్లు మండిపోయింది.

తర్వాత రూతుకి చెప్పకుండా రెండుసార్లు ఒక్కదాన్నే వెళ్లాను. మూడోసారి వెళ్లేసరికి గది లేదు.

ఆ టికెట్టు ఎలా వచ్చిందో నాకిప్పటికీ అంతుపట్టదు. లోపల ఎవరూ లేరనుకుంటేనే నాకు నయం. నాన్నే ఉండి ఉంటే, కిటికీలో నా చెయ్యి చూసి కూడా ఊరుకున్నారన్నమాట.