బ్యారెల్ అరగలేదు

విజయవాడలో రైలెక్కాక నా ఎదుటి సీట్లో పొడవాటి రైఫిల్ పెట్టెతో ఒకావిడ కూర్చుంది. గురి పోటీల్లో పాల్గొంటుందట. నా భుజానికున్న పట్టీ చూసి పలకరించింది.

"నాదీ భుజమేనండీ. ఆపరేషనయ్యాక తూటాలు చెదిరిపోతుంటే, బ్యారెల్, అదే తుపాకీ గొట్టం, అరిగిపోయింది, మార్చెయ్యమన్నారంతా."

"అరిగిందో లేదో ఎలా తెలుస్తుందండీ?"

"లోపలంతా శుభ్రం చేసి, రైఫిల్‌ని స్టాండుకి బిగించి కాల్చా. తూటాలన్నీ ఒక్కచోటే పడ్డాయి. బ్యారెలైతే మార్చేద్దును. భుజాన్నెలా మారుస్తాం? మళ్ళీ నేర్పించాల్సిందే."

నిండు నీళ్ళ సీసా పట్టుకుని ఎడమచెయ్యి ముందుకు చాచింది. రైలు కృష్ణా వంతెన దాటేదాకా, చెయ్యి వణుకుతున్నా దించలేదు.

ఆవిడ తెనాలిలో దిగిపోయాక, నొప్పని నేను మానేసిన వ్యాయామం గుర్తొచ్చింది. పట్టీ విప్పి, సగం నీళ్ళున్న నా సీసాతో మొదలుపెట్టాను.