మా ఆయన పెట్టిన నా సంతకం

ఇప్పుడు మా అమ్మాయి గ్రోసరీకి వెళ్తూ వెళ్తూ దారిలో ఓటేసి వస్తుంది. పోలింగ్‌కింకా పది రోజులుండగానే! ముందే ఎందుకు వేస్తున్నావని అడిగేవాళ్ళు లేరు. చొక్కాకి ఓటేసినట్టు స్టిక్కర్ అంటించుకుని వచ్చి, "నువ్వింకా వెయ్యలేదా మమ్మీ? సో ఈజీ!" అని నన్నే దెప్పుతుంది. ఆ ఈజీ అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ముందుగా ఓటెయ్యాలంటే కారణం రాసి, అది నిజమని ప్రమాణం చేసి, కింద సంతకం పెట్టాల్సిన రోజుల్లో వేసినదాన్ని నేను. ఆ సంతకం దగ్గరే వచ్చింది తంటా అంతా.

ఎనభైల నడుమ మాట. చికాగో దగ్గర అరోరాలో ఉండేవాళ్ళం. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, దాని హద్దు మా ఊళ్ళోంచే పోతుంది. మా అపార్ట్‌మెంట్ హద్దుకి ఇవతల, నేను ల్యాబ్‌లో పనిచేసే ఆసుపత్రి అవతలి కౌంటీలో. పోలింగ్ పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా. నేనేమో ఆరు కొట్టకముందే బయల్దేరి, ఏడు దాటాక ఇంటికి చేరేదాన్ని.

పౌరసత్వం వచ్చాక జరిగిన మొదటి ఎన్నికప్పుడు సూపర్‌వైజర్‌ని బతిమాలి కొంచెం ముందే బయటపడ్డాను. వానలో ట్రాఫిక్. పోలింగ్ జరిగే బడి దగ్గరికి చేరేసరికి ఏడూ అయిదు. లోపల బల్లలు మడుస్తున్న పెద్దావిడ అద్దంలోంచి నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. కార్లో కూర్చుని ఏడ్చాను. ఇండియా పాస్‌పోర్ట్ ఇచ్చేసిన రోజునే అక్కడి ఓటు పోయింది. ఇక్కడిది అయిదు నిమిషాల్లో పోయింది. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. ఒక్క ఓటు పోతే ఏమవుతుందని నవ్వేవాళ్ళే అందరూ. నాకు మాత్రం ఏ దేశమూ నన్ను లెక్కలో వేసుకోలేదనిపించింది.

రెండేళ్ళకి గవర్నర్ ఎన్నిక వచ్చింది. పోలింగ్ రోజు కౌంటీలో ఉండనివాళ్ళు పోస్టులో ఓటు తెప్పించుకోవచ్చని ల్యాబ్‌లో ఎవరో చెప్పారు. చాలామంది లేని ప్రయాణం ఉందని రాసేవారట. నాకా అవసరం లేదు. నా ఆసుపత్రి నిజంగానే అవతలి కౌంటీలో ఉంది. ఎగిరి గంతేసి ఫారం తెప్పించాను.

ఇక్కడ మా ఆయన గురించి చెప్పాలి. అమెరికాకి ముందు వచ్చింది నేను, ఉద్యోగం మీద. ఆయన రెండేళ్ళ తర్వాత వచ్చారు. అయినా ఇంట్లో ఫారం అంటే ఆయనదే. ఇన్సూరెన్స్, బ్యాంకు, పిల్ల స్కూలు, ఏదైనా గుండ్రటి అక్షరాలతో నింపి, తన సంతకం పెట్టి, ఆ పక్కనే నా సంతకం కూడా తనే పెట్టేసేవారు. మా పుట్టింట్లోనూ అంతే. మా అమ్మ సంతకం ఎలా ఉంటుందో మా నాన్నగారి చేతిరాత చూసి తెలుసుకోవాలి. అది తప్పని మాకెవరికీ తోచలేదు. అందుకే ఓటు ఫారం కూడా నేను డ్యూటీలో ఉండగా ఆయనే నింపి పోస్టు చేశారు. "నీ పని అయిపోయింది పో" అంటే సంతోషించాను కూడా.

పోలింగ్ ముందు గురువారం కవరొచ్చింది. లోపల నచ్చిన పేరు దగ్గర చిల్లు పొడిచే ఓటు కార్డు, పొడవడానికి చిన్న పుల్ల, తిరిగి పంపడానికి ఇంకో కవరు. ఆ కవరు మీద అచ్చయిన వాక్యాలు పైకి చదివాను. అప్లికేషన్ మీద సంతకం పెట్టింది నేనేనని ప్రమాణం చెయ్యాలి. రెండు సంతకాలూ పోల్చి చూస్తారు. అబద్ధమైతే శిక్ష.

"ఏమండీ, ఆ అప్లికేషన్ మీద సంతకం ఎవరిది?"

ఆయన చారన్నం కలుపుతూ, "నాదే. ఎప్పుడూ పెట్టేదేగా" అన్నారు. ఆ మాట అన్నాక చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మూడు వారాల్లో ఆయన సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఉంది. దొంగ సంతకం సంగతి బయటపడితే అది పోయినట్టే.

మళ్ళీ మెతుకు ముట్టలేదు. లేచి చెయ్యి కడుక్కుని కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టారు. "నేను పెట్టినట్టే నువ్వూ పెట్టు. మ్యాచ్ అయిపోతుంది. ఎవడికీ తెలీదు."

నా పేరే. ముప్ఫై రెండేళ్ళుగా నాదైన పేరు. దాన్ని ఆయన చేతిరాతలో ఇరవైసార్లు రాశాను. ఒక్కసారీ కుదరలేదు. నా సంతకం వాలి ఉంటుంది, ఆయనది నిటారుగా నిలబడుతుంది. ఇరవై ఒకటోసారి పెన్ను విసిరికొట్టాను. "నా సంతకాన్ని నేను ఫోర్జరీ చెయ్యాలా? సిగ్గు లేదూ మీకు!"

"అరవకు. పక్కవాళ్ళు వింటారు" అన్నారు. పక్కింటి వాళ్ళకి తెలుగు రాదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆయన వాలకం.

నా సంతకం నేను పెడితే ఓటు చెల్లదు, ఆరాలు తీస్తే ఆయన దొరుకుతారు. ఆయన సంతకం పెడితే నేను ప్రమాణం చేసి అబద్ధమాడినట్టు. కవరు చించి పారేస్తే ఏ గొడవా లేదు, ఓటూ లేదు. శుక్రవారమంతా ల్యాబ్‌లో రక్తం సీసాల మీద లేబుళ్ళు రెండేసిసార్లు సరిచూసుకున్నాను. నా బుర్ర మీద నాకు నమ్మకం పోయింది.

ఓట్ల వ్యవహారం చూసే కౌంటీ క్లర్క్ ఆఫీసు శనివారం మధ్యాహ్నం దాకా తెరిచి ఉంటుంది. వెళ్దామన్నాను. ఆయన దారి పొడుగునా ఒకటే మాట: "నా పేరెత్తకు. తొందర్లో నువ్వే వేరేగా పెట్టానని చెప్పు." నేను కవరు పట్టుకుని దిగాను. ఆయన కార్లోనే ఉండిపోయారు.

కౌంటర్ దగ్గర గొలుసు కళ్ళజోడు పెట్టుకున్న ముసలావిడ. విప్పిన కవరు ముందు పెట్టి, అప్లికేషన్ మీద సంతకం నాది కాదని చెప్పాను. ఆవిడ లోపలికెళ్ళి కాగితం వెతికి తెచ్చింది. నేను ఓటరుగా చేరినప్పటి కార్డు దాని పక్కన పెట్టి చూసింది. నా వాలు అక్షరాలు, ఆయన నిటారు అక్షరాలు పక్కపక్కనే. పసిపిల్లకైనా తెలిసిపోతుంది.

"అవును, మీది కాదు. మరి ఎవరిది?"

కిటికీలోంచి మా కారు కనిపిస్తోంది. తొందర్లో నేనే పెట్టానని ఇప్పుడు మాట మార్చడానికి లేదు. మా ఆయనదని చెప్పడానికి నోరు రావడం లేదు.

"చెప్పలేను" అన్నాను.

"ఎవరు పెట్టారో తెలియకుండా ఇంకో ఫారం ఇవ్వలేనమ్మా. ఈ బ్యాలెట్ కూడా తీసుకోలేను."

"అయితే నాకు వద్దు." బ్యాలెట్ అక్కడే వదిలేశాను. ఆయన కోసం వదులుకున్నానని గొప్పగా ఏమీ అనిపించలేదు. కోపం వచ్చింది. పట్టరానంత కోపం. వెనక్కి తిరిగితే ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో, ఎంత విన్నారో. నా మొహంలోకి చూసి, నన్ను దాటి కౌంటర్ దగ్గరికెళ్ళారు.

"ఐ సైన్డ్ ఇట్. షీ డిడ్ నాట్ నో."

ఆవిడ కళ్ళజోడు తీసి ఆయన్ని చూసింది. "ఎందుకు పెట్టారు?"

"ఎప్పుడూ నేనే పెడతాను" అన్నారు. అలా పైకి అనేసరికి అది ఎంత వింతగా ఉందో ఆయనకే అప్పుడు తెలిసినట్టుంది.

ఆవిడ ఒక తెల్లకాగితం ఇచ్చి, జరిగింది రాయమంది. ఆయన రాశారు. కింద తన సంతకం పెట్టారు. ఆవిడ దాన్ని పాత అప్లికేషన్‌కి గుచ్చి, బ్యాలెట్ రద్దు చేసి, కొత్త ఫారం తీసింది. అలవాటు చొప్పున ఆయన చెయ్యి పెన్ను మీదికి పోయింది. ఆవిడ పెన్ను తీసి నా చేతిలో పెట్టింది.

నా సంతకం నేను పెట్టాక ఆవిడ కొత్త కార్డు ఇచ్చింది. మూలన అట్టపెట్టెతో కట్టిన మరుగులో నిలబడి దానికి చిల్లులు పొడిచాను. ఒక్కో చిల్లూ పడిందో లేదో వెలుతురుకి ఎత్తి చూసుకున్నాను. కార్డు కవర్లో పెట్టి, కవరు మీద నా వాలు సంతకం పెట్టి ఆవిడకిచ్చాను.

కారు హైవే ఎక్కాక ఆయన అడిగారు. "ఎవరికేశావ్?"

"చెప్పను."

"నాక్కూడానా?"

"మీక్కూడా."

రెండు ఎగ్జిట్లు దాటాం. తర్వాత మెల్లిగా, "ఆ కాగితం ఇంటర్వ్యూలో బయటికొస్తే?" అన్నారు.

"మళ్ళీ అప్లై చేద్దాం. ఈసారి ఫారం నేను నింపుతాను. సంతకం మాత్రం మీరే పెట్టుకోవాలి."

మూడు వారాల తర్వాత ఇంటర్వ్యూ జరిగే ఫెడరల్ ఆఫీసు వరండాలో గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. ఆయన బయటికొచ్చి నా పక్కన కూలబడ్డారు. దొరక్కుండా చేసిన తప్పేమైనా ఉందా అని ఆఫీసర్ అడిగాడట. ఈయన ఉన్నదున్నట్టు చెప్పారట.

"ఏమన్నాడు?"

"ఇప్పుడు మానేశావా అన్నాడు."

"మీరేమన్నారు?"

"మా ఆవిడ మానిపించింది అన్నాను. రాసుకుని, పాస్ అన్నాడు."

నలభై ఏళ్ళు కావస్తోంది. ప్రతి ఎన్నికకీ ఇద్దరం ముందే వెళ్ళి చెరో బల్ల దగ్గర ఓటేసి వస్తాం. ఆ గవర్నర్ ఎన్నికలో ఎవరికేశావని ఆయన ఇప్పటికీ కాఫీ తాగుతూ అడుగుతారు. నేనింకా చెప్పలేదు.