ఫెళ్ళుమన్న కట్టె

మా పుట్టింట్లో ఫెళ్ళుమనడమంటే నవ్వుకు వాడే మాట. మధిర దగ్గర మిరపతోటల ఊరు మాది. నాయన ఫెళ్ళున నవ్వాడనేవాళ్లం. గంజిపెట్టిన పంచె ఫెళఫెళలాడుతోందనేవాళ్లం. గాలివానకు కొమ్మ విరిగినా అదే మాట.

ఎనభైల మొదట్లో పెళ్లై, అడవి అంచున బొగ్గు గనుల ఊరికి కాపురానికొచ్చాను. అత్తగారింట్లో ఆ మాట ఎవరూ పలకరు. నా నోట దొర్లితే అత్తమ్మ మొహం మాడ్చుకునేది. ఇదేం చాదస్తమని నాకు ఒళ్లు మండేది.

ఒక మధ్యాహ్నం మా ఆయన గని నుంచి వచ్చి అన్నం తింటున్నాడు. నెలల పాప ఉయ్యాలలో ఉంది. పొడుగాటి కట్టె పొయ్యిలో పట్టక, మోకాలికి ఆనించి విరిచాను. ఫెళ్ళుమంది. తలెత్తి చూస్తే కంచం బోర్లా పడి ఉంది, మనిషి లేడు. ఎంగిలి చేత్తో వీధి మధ్యలో నిలబడి ఉన్నాడు. గుక్కపట్టి ఏడుస్తున్న పాపను ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చాను. మెల్లగా వెనక్కి తిరిగి మా ఇద్దర్నీ చూశాడు. మమ్మల్ని వదిలేసి ఉరికాడని అప్పుడు ఆయనకూ తెలిసింది, నాకూ తెలిసింది.

"బిడ్డ గుర్తు రాలేదా మీకు?" అని వీధంతా వినేలా అరిచాను. ఆయన లోపలికొచ్చి, మెతుకులు ఏరుతూ కూర్చున్నాడు.

అత్తమ్మ నన్ను పెరట్లోకి లాక్కుపోయింది. "బొగ్గుబాయిల పైకప్పుకు కర్రలు నిలబెడ్తరు బిడ్డా. బరువాగక కర్ర గట్ల ఇరిగిందంటే కప్పు కూలుతది. ఎవర్ని చూడొద్దు, ఉరకాలె. కొలువుల చేరిననాడే నా నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్న."

"అయితే మేమేమైపోవాలి?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. మామగారు గనిలో పోయారని నాకు తెలుసు, ఎలాగో మాత్రం ఎవరూ చెప్పలేదు. "మీ మామ దోస్తును పిలుస్తందుకు ఎనక్కి తిరిగిండు. దోస్తు బయటికొచ్చిండు," అంది.

ఆ రోజంతా ఆయన పాపను ముట్టుకోలేదు. మర్నాడు డ్యూటీకి పోతూ గుమ్మంలో ఆగి, "ఇంకోసారి గట్ల కానియ్య. మిమ్మల్ని ఇడిచి పోను," అన్నాడు.

ఈ మాట మనసులో పెట్టుకుని గనిలోకి దిగితే, అక్కడ ఎవరికోసమో ఆగిపోతాడు. పాపను ఆయన గుండెకు ఆనించి, "వద్దు. నిన్న ఉరికినట్టే ఉరకండి," అన్నాను.