బాపు కుర్చీ మీద గ్లాసు మచ్చ

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. నమ్మింది నా తెలివిని. కొంప ముంచింది అదే.

మా ఇంట్లో నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. బాపు పోయిన ఏడాదికి, జనగామలో ఇల్లు బాగుచేయిస్తూ ఆయన టేకు పడక కుర్చీని వడ్రంగికిచ్చి రెండు స్టూళ్లు చేయించాను. చిన్నప్పటి నుంచీ ఆ పడక కుర్చీకీ నాకూ పడలేదు లెండి. నేను దాని చేతి మీద గ్లాసు పెడితే చాలు, బాపు “సాసర్ పెట్టురా, కర్ర ఖరాబైతది” అని కసిరేవాడు. తను మాత్రం రోజూ వేడి చాయ్ గ్లాసు అక్కడే పెట్టి, కుర్చీ కుడిచేతి మీద తెల్లటి మచ్చ చేశాడు.

స్టూళ్లు చూసిన రోజు నుంచి అవ్వ నాతో మాట మానేసింది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

తప్పు దిద్దుకుందామని, మహబూబాబాద్‌లో ఉండే ఒక డ్రాయింగ్ సారుకు పాత ఫొటో ఇచ్చి కుర్చీ బొమ్మ వేయమన్నాను. ఫొటోలో కుర్చీ కుడిచెయ్యి పేపర్ చాటున ఉంది. ఆ మచ్చ సంగతి ఆయనకు తెలియదు.

నీటి రంగుల్లో ఎంత బాగా వేశాడంటే, టేకు చారలు, చేతులు రాసుకుని నునుపెక్కిన అంచులు, నడుమ జారిన ఖాకీ గుడ్డ, అన్నీ అచ్చు అవే. గోడకు తగిలించి, అలవాటుగా దాని మీద తువ్వాల వేయబోయాను. తువ్వాల కింద పడింది, పక్కనే నా పరువు.

అవ్వ చాలాసేపు చూసింది. “అంత మంచిగనే ఉంది. గ్లాసు మచ్చ ఏదిరా?”

“సారుతోని గీయిస్తనే అవ్వా.”

“గీసిన మచ్చ నాకెందుకు? మీ బాపు పెట్టింది కావాలె.”

మళ్లీ మౌనం.

వానలు పట్టిన వారానికి, ఒక పొద్దున చూస్తే బొమ్మలో కుర్చీ కుడిచేతి మీద తెల్లటి వలయం. ఫ్రేము విప్పాను. అద్దం పొడిగా ఉంది. కాగితం వెనక మరక లేదు. మోకాళ్ల నొప్పుల అవ్వ అంత ఎత్తు ఎక్కలేదు.

సారును పిలిపిస్తే, కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశాడు. “నేను గీయలే అన్నా. చెమ్మ మరకైతె గిట్లుండది. కుర్చీ చెయ్యి ఎట్ల వాలిందో, మచ్చ గట్లనే కోలగ వాలింది. నిజంగ గ్లాసు పెట్టినట్టే.”

చెమ్మకు డ్రాయింగ్ ఎవరు నేర్పారో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

అవ్వ మాత్రం బొమ్మను చూసి నవ్వి, “చాయ్ సల్లారుతది, తాగురా” అంది నాతో. ఎన్నాళ్లకో!

ఆ సాయంత్రం చిన్న కక్ష తీర్చుకున్నాను. ఆ కుర్చీ కర్రతో చేయించిన స్టూలునే బొమ్మ కింద వేసి, దాని మీద సాసర్ పెట్టి, వీలైనంత కసిరాను:

“సాసర్ పెట్టు బాపూ, కర్ర ఖరాబైతది.”

రెండో మచ్చ ఇంతవరకూ పడలేదు.